ప్రాసెసర్ మార్కెట్ వాటాలు: ఏ లెక్క నమ్మాలి, ఇంటెల్ పని అయిపోయినట్టేనా?

మీరు అడిగింది మూడు ముక్కల్లో ఇదీ. ఒక బెంచ్‌మార్క్ (కంప్యూటర్ వేగం కొలిచే) సైట్ గ్రాఫ్‌లో ఏఎండీ దాదాపు ఇంటెల్‌ని పట్టేసినట్టు కనిపిస్తోంది, ఇంకో రిపోర్టులో ఇంటెల్‌కి ఇప్పటికీ సగానికి బాగా పైనే ఉందంటున్నారు, ఏది నిజం? ఇంటెల్ పని అయిపోయినట్టేనా? మీ ఆఫీసులో పాత ఇంటెల్ సర్వర్లు మార్చే టైం వచ్చింది, ఏఎండీకి వెళ్తే రిస్కా? చాలాకాలంగా సర్వర్లు ఎంపిక చేసి నడిపే పనిలోనే ఉన్నాను కాబట్టి మూడోదాని గురించి ఎక్కువే చెప్తాను. అయితే మొదటిది తేలకుండా మిగతా రెండూ తేలవు.

మీరు చూసిన రెండు లెక్కలూ తప్పు కాదు. కొలిచేది వేరు, అంతే. బెంచ్‌మార్క్ సైట్ల గ్రాఫ్ వాళ్ల టెస్ట్ నడిపిన కంప్యూటర్లనే లెక్కేస్తుంది. ఆ టెస్ట్ ఎవరు నడుపుతారు? కొత్తగా పీసీ అసెంబుల్ చేసుకున్నవాళ్లు, ప్రాసెసర్‌ని మామూలు కంటే వేగంగా నడిపే ఓవర్‌క్లాకింగ్ సరదా ఉన్నవాళ్లు, రిపేర్ చేసేవాళ్లు. ఏదైనా పెద్ద కంపెనీ ఒకేసారి వేల సంఖ్యలో కొన్న ఆఫీసు లాప్‌టాప్‌లలో ఆ టెస్ట్ ఒక్కసారి కూడా నడవదు. స్టీమ్ అనే గేమ్‌ల స్టోర్ చేసే సర్వే కూడా అలాంటిదే, అది గేమర్ల లెక్క. విడిగా ప్రాసెసర్ కొని బోర్డులో పెట్టుకునే ఈ మార్కెట్‌లో ఏఎండీ బలం చాలా ఎక్కువ. ముఖ్యంగా 2022లో 5800ఎక్స్3డీతో ప్రాసెసర్ మీద అదనపు క్యాష్ (డేటాని దగ్గర ఉంచుకునే వేగమైన చిన్న మెమరీ) పేర్చడం మొదలుపెట్టాక, గేమింగ్ కోసం కొనేవాళ్లు ఎక్కువగా అటే వెళ్లారు.

పరిశ్రమ అంతా వాడే లెక్క మెర్క్యురీ రీసెర్చ్ అనే సంస్థది. ఒక త్రైమాసికంలో ఇంటెల్, ఏఎండీలు ఎన్ని ఎక్స్86 చిప్పులు (ఈ రెండు కంపెనీలూ పీసీలకి, సర్వర్లకి చేసే ప్రాసెసర్ల రకం) పంపాయో అది అంచనా కడుతుంది. మీరు చూసిన రెండో రిపోర్టు బహుశా దాని ఆధారంగా రాసిందే. నేనూ దాన్నే ఎక్కువ నమ్ముతాను. కానీ దాన్ని చదివేటప్పుడు కూడా మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, పంపినవి వేరు, అమ్ముడైనవి వేరు. 2022 చివర్లో పీసీల గిరాకీ ఒక్కసారిగా పడిపోయి, తయారీదారుల గోడౌన్లలో చిప్పులు పేరుకుపోయాయి. అవి ఖాళీ అయ్యేదాకా ఏఎండీ సరుకు పంపడం బాగా తగ్గించింది. 2023 మొదటి త్రైమాసికంలో దాని పీసీ ప్రాసెసర్ల ఆదాయం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 65 శాతం పడిపోయింది. జనం రైజెన్ (ఏఎండీ పీసీ ప్రాసెసర్) లాప్‌టాప్‌లు కొనడం అంత దారుణంగా ఏమీ మానలేదు. ఒక్క త్రైమాసికం అంకె చూసి 'ఫలానా కంపెనీ కుప్పకూలింది' అని రాసే వార్తల్ని అందుకే పట్టించుకోవద్దంటాను. కనీసం నాలుగు త్రైమాసికాలు పక్కపక్కన పెట్టి చూడండి.

రెండోది, ఎన్ని చిప్పులు అన్న లెక్క వేరు, ఎంత డబ్బు అన్న లెక్క వేరు. 2024 మూడో త్రైమాసికంలో సర్వర్లలో ఏఎండీ వాటా చిప్పుల సంఖ్య ప్రకారం సుమారు 24 శాతం. అదే ఆదాయం లెక్కన 2025 మొదట్లో 40 శాతానికి దగ్గరగా వచ్చింది. ఈ తేడా కొన్ని నెలల ఎదుగుదల వల్ల మాత్రమే వచ్చింది కాదు. ఏఎండీ ఎక్కువగా అమ్మేది ఒక్కోదానిలో బోలెడన్ని కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉన్న ఖరీదైన చిప్పులు. ఇంటెల్ లెక్కలో స్టోరేజ్ పెట్టెల్లో, నెట్‌వర్క్ పరికరాల్లో పెట్టే చిన్న చిప్పులు కూడా బాగా ఉంటాయి. పాత 20 కోర్ల సర్వర్లు మూడింటిని తీసేసి 64 కోర్లది ఒక్కటి పెడితే చిప్పుల సంఖ్య తగ్గుతుంది, పని తగ్గదు. సర్వర్ల విషయంలో నేను ఆదాయం వాటానే చూస్తాను.

మూడోది చాలామంది మర్చిపోయేది. ఆ శాతాలు ఎక్స్86 చిప్పుల మధ్య పంపకం మాత్రమే. యాపిల్ 2020 నవంబర్‌లో ఎం1 తెచ్చి, తర్వాత మ్యాక్‌ల నుంచి ఇంటెల్‌ని పూర్తిగా తీసేసింది. ఆ అమ్మకాలు ఏఎండీకి రాలేదు, అసలు ఆ లెక్కలోంచే బయటికి పోయాయి. క్లౌడ్‌లోనూ అంతే. అమెజాన్ 2018లో గ్రావిటన్ అనే సొంత ఆర్మ్ (ఎక్స్86 కాని ఇంకో రకం) ప్రాసెసర్ తెచ్చింది. గడిచిన రెండేళ్లలో తాము కొత్తగా పెట్టిన సీపీయూ సామర్థ్యంలో సగానికి పైగా గ్రావిటనేనని 2024 చివర్లో ఆ కంపెనీయే చెప్పింది. అలాంటివే మైక్రోసాఫ్ట్‌కి కోబాల్ట్, గూగుల్‌కి యాక్సియన్ వచ్చాయి. ఇంటెల్‌ని తగ్గించింది ఏఎండీ ఒక్కటే అనుకుంటే సగం కథే తెలిసినట్టు. ఈ ఒత్తిడి వల్లే 2024 అక్టోబర్‌లో, అన్నేళ్లు కోర్టుల్లో కొట్టుకున్న ఇంటెల్, ఏఎండీలు ఎక్స్86ని కాపాడుకోవడానికి కలిసి ఒక సలహా బృందం పెట్టుకున్నాయి.

ఇక అసలు విషయం. ప్రాసెసర్ బాగున్నంత మాత్రాన వాటా రాదు. కొనేవాళ్ల నమ్మకం, పెట్టెలు తయారుచేసే కంపెనీల ఒప్పందాలు, కావలసినన్ని చిప్పులు సమయానికి అందించగలగడం, ఈ మూడూ కుదిరాకే వస్తుంది. అందుకే వాటా ఎప్పుడూ టెక్నాలజీ కంటే రెండు మూడేళ్లు వెనక నడుస్తుంది. దీనికి ఏఎండీ చరిత్రే సాక్ష్యం.

2003లో ఏఎండీ ఆప్టెరాన్ అనే సర్వర్ ప్రాసెసర్ తెచ్చింది. పాత 32 బిట్ ప్రోగ్రాములు మార్చకుండానే నడుస్తూ 64 బిట్‌కి వెళ్లే దారి చూపించింది. అప్పటికి ఇంటెల్ ఇటానియం అనే వేరే రకం ప్రాసెసర్ మీద పందెం కాసి ఉంది, అందులో పాత సాఫ్ట్‌వేర్ నత్తనడక నడిచేది. ఏడాది తిరిగేసరికి ఇంటెల్ కూడా ఏఎండీ పద్ధతినే తీసుకోవాల్సి వచ్చింది. ఇవాళ మీ పీసీలో నడిచే 64 బిట్ ఇన్‌స్ట్రక్షన్లు ఏఎండీ రాసినవే. ఇంత స్పష్టమైన ఆధిక్యం ఉన్నా డెల్ 2006 దాకా ఏఎండీ సర్వర్ ఒక్కటి కూడా అమ్మలేదు. ఎందుకో తర్వాత బయటపడింది. ఇంటెల్ నుంచి డెల్‌కి అందే చెల్లింపులు ఒక త్రైమాసికంలో డెల్ నిర్వహణ లాభంలో 76 శాతం దాకా చేరాయని అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2010లో ఆరోపించింది. ఇంకో ఉదాహరణ ఏఎండీ 2005లో వేసిన దావాలో ఉంది. పది లక్షల ప్రాసెసర్లు ఉచితంగా ఇస్తామన్నా హెచ్‌పీ 1,60,000 మాత్రమే తీసుకుందట, మిగతావి తీసుకుంటే ఇంటెల్ ఇచ్చే రిబేట్లు పోతాయన్న భయంతో. ఉచితంగా ఇచ్చినా తీసుకోలేని మార్కెట్‌లో ఏ ఇంజనీర్ ఎంత మంచి చిప్ చేసి ఏం లాభం? ఆ రోజులు చూసినవాళ్లకి ఇప్పటికీ కోపం వస్తుంది. నాకూ వస్తుంది.

2009లో ఇంటెల్ ఏఎండీకి 125 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ కుదుర్చుకుంది. అదే ఏడాది యూరోపియన్ కమిషన్ 106 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ జరిమానాని మాత్రం 2022లో అక్కడి కోర్టు కొట్టేసింది, 2024లో పై కోర్టు కూడా దాన్నే సమర్థించింది. రాజీ డబ్బు చేతికొచ్చేసరికి ఏఎండీ చేతిలో మంచి చిప్ లేదు. ఇంటెల్ 2006లో కోర్ 2 ప్రాసెసర్లతో దూసుకుపోయింది, ఏఎండీ 2011లో తెచ్చిన బుల్‌డోజర్ డిజైన్ ఘోరంగా దెబ్బతింది. 2006లో సర్వర్లలో పావు వంతు దాకా వెళ్లిన వాటా 2017 నాటికి ఒక శాతం కూడా లేకుండా పోయింది. గెలిచిన వాటాని నిలబెట్టుకోకపోతే ఎంత వేగంగా కరిగిపోతుందో ఇక్కడ చూడండి, ఎందుకంటే ఇప్పుడు ఏఎండీ అభిమానులు మర్చిపోతున్నది ఇదే.

2014లో లీసా సూ సీఈవో అయ్యారు, 2017 మార్చిలో రైజెన్, జూన్‌లో సర్వర్ల కోసం ఎపిక్ వచ్చాయి. కానీ నా దృష్టిలో అసలు మలుపు 2018 ఆగస్టు. ఏఎండీ తన ఫ్యాక్టరీలని 2009లోనే గ్లోబల్‌ఫౌండ్రీస్ పేరుతో వేరు చేసింది. ఆ గ్లోబల్‌ఫౌండ్రీస్ 2018లో 7 నానోమీటర్ (ఈ అంకె తగ్గేకొద్దీ తయారీ పద్ధతి కొత్తది, ట్రాన్సిస్టర్లు చిన్నవి) పని మానేస్తున్నానని ప్రకటించింది. అప్పుడది పెద్ద దెబ్బలా కనిపించింది. కానీ దానితో ఏఎండీ కొత్త కోర్లన్నీ తైవాన్‌లో ఇతరుల చిప్పులు తయారుచేసే టీఎస్ఎంసీకి వెళ్లాయి, సరిగ్గా అదే సమయంలో ఇంటెల్ సొంత ఫ్యాక్టరీలు కొత్త పద్ధతికి వెళ్లలేక ఆగిపోయాయి. ఇంటెల్ 14 నానోమీటర్ 2014లో వచ్చింది. 2016లో రావలసిన 10 నానోమీటర్ చిప్పులు చెప్పుకోదగ్గ సంఖ్యలో వచ్చేసరికి 2019. ఒక్క అడుగులో ట్రాన్సిస్టర్ల సాంద్రత 2.7 రెట్లు పెంచాలని పెట్టుకున్నారు, ఈయూవీ (మరీ సన్నని గీతలు ముద్రించే కొత్త రకం) యంత్రాలు లేకుండా పాత లితోగ్రఫీ (కాంతితో ముద్రించే పద్ధతి)తోనే ఒకే పొరని పదేపదే ముద్రించి సాధించాలనుకున్నారు. దోషాలు ఎక్కువై, పనికొచ్చే చిప్పుల శాతం పెరగలేదు. పైగా 2018లో ఉన్న 14 నానోమీటర్ చిప్పులకే కొరత వచ్చింది. ఇంటెల్ అందించలేకపోయిన చోట లాప్‌టాప్ కంపెనీలు మొదటిసారి గట్టిగా ఏఎండీ వైపు చూశాయి.

2019 ఆగస్టులో వచ్చిన రెండో తరం ఎపిక్‌ని కాస్త దగ్గరగా చూడండి. 64 కోర్లని ఒకే పెద్ద చిప్‌గా చెయ్యకుండా, ఎనిమిదేసి కోర్ల చిన్న ముక్కలు ఎనిమిది చేశారు. అవి టీఎస్ఎంసీ 7 నానోమీటర్. మెమరీ, పీసీఐ (ఇతర పరికరాలతో కలిపే దారి) పనులు చూసే మధ్య ముక్క మాత్రం గ్లోబల్‌ఫౌండ్రీస్‌లో పాత 14 నానోమీటర్‌లో చేయించారు, దానికి కొత్త టెక్నాలజీ వల్ల పెద్దగా ఒరిగేది లేదు కాబట్టి. ఇందులో లాభం ఎక్కడుందంటే, పెద్ద దుప్పటి మీద ఒక్క మరక పడితే దుప్పటంతా పక్కన పెట్టాలి, అదే గుడ్డని చేతిరుమాళ్లుగా కత్తిరిస్తే మరక పడ్డ రుమాలు ఒక్కటే పోతుంది. వేఫర్ (చిప్పులు ముద్రించే సిలికాన్ పళ్లెం) మీద దోషాలు కూడా అలాగే అక్కడక్కడా పడతాయి. చిన్న ముక్కలైతే ఎక్కువ భాగం మంచివే వస్తాయి. ఆ ముక్కే డెస్క్‌టాప్ రైజెన్‌లోనూ వాడతారు, ఒకే డిజైన్ రెండు మార్కెట్లకి సరిపోతుంది. అప్పట్లో ఇంటెల్ సర్వర్ చిప్ సాధారణంగా 28 కోర్ల ఒకే ముక్క. ఈ తేడాని మించి వివరించాల్సింది పెద్దగా లేదు.

అయినా వాటా మెల్లగానే కదిలింది. 2020 చివర్లో ఏఎండీ చిప్పులు బెంచ్‌మార్కుల్లో ముందున్నా లాప్‌టాప్‌లలో ఇంటెల్ కొంత వాటా వెనక్కి తెచ్చుకుంది. కారణం, టీఎస్ఎంసీ నుంచి ఏఎండీకి వచ్చే వేఫర్లలో చాలా భాగం అప్పుడే విడుదలైన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్‌లకి పోయింది. సొంత ఫ్యాక్టరీలున్న ఇంటెల్ తన చిప్పులు తాను ముద్రించుకోగలిగింది.

దీంతో మీ రెండో ప్రశ్నకి వచ్చేశాం. ఇంటెల్ పని అయిపోలేదు, కానీ కష్టం నిజమైనది. 2024లో 1,880 కోట్ల డాలర్ల నష్టం, ఫ్యాక్టరీల విభాగం ఒక్కదానిలోనే 1,300 కోట్లకి పైగా నిర్వహణ నష్టం, ఉద్యోగాల్లో 15 శాతం కోత. సొంత ఫ్యాక్టరీ ఉండగా లూనార్ లేక్, యారో లేక్ చిప్పుల కోర్ భాగాలు టీఎస్ఎంసీలో చేయించుకోవాల్సి వచ్చింది. 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్పులు ఎక్కువ వోల్టేజ్ వల్ల దెబ్బతినడంతో 2024లో మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్పులు చేసి వారంటీ రెండేళ్లు పొడిగించారు. నమ్మకం మీద పడ్డ ఆ దెబ్బ అంకెల్లో కనిపించే దానికంటే పెద్దది. మరోవైపు 2025లో అమెరికా ప్రభుత్వం దాదాపు 10 శాతం వాటా తీసుకుంది, ఎన్విడియా 500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. ఇంత పెద్ద ఎత్తున అమెరికాలో అధునాతన చిప్పులు డిజైన్ చేసి ముద్రించే సొంత కంపెనీ ఇంకోటి లేదు కాబట్టి దాన్ని పడనివ్వరు.

ఇంటెల్ భవిష్యత్తు కోసం నేను చూసేది కోర్ల వేగం కాదు, 18ఏ అనే కొత్త తయారీ పద్ధతి. ఇందులో ట్రాన్సిస్టర్ చుట్టూ గేట్ ఉంటుంది, కరెంటు చిప్ వెనక వైపు నుంచి వస్తుంది. దీని మీద మంచి చిప్పుల శాతం నిలకడగా పెరుగుతూ, బయటి పెద్ద కస్టమర్లు వస్తే వాటా తనంతట తానే నిలబడుతుంది. లేకపోతే ఎంత మంచి డిజైన్ చేసినా ఏఎండీతో, యాపిల్‌తో, ఎన్విడియాతో పాటు అదే టీఎస్ఎంసీ గుమ్మం ముందు నిలబడాలి.

ఇంకో మాట, ఈ ఇద్దరి గొడవలో పడి పెద్ద మార్పు కనిపించకుండా పోకూడదు. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియా డేటా సెంటర్ ఆదాయం సుమారు 11,500 కోట్ల డాలర్లు. 2024లో ఇంటెల్, ఏఎండీల డేటా సెంటర్ ఆదాయాలు ఒక్కొక్కటి 1,300 కోట్లకి అటూ ఇటూ, ఏఎండీ దాంట్లో జీపీయూలు (ఏఐకి వాడే గ్రాఫిక్స్ చిప్పులు) కూడా కలిపి. అసలు డబ్బు ఎటు పోతోందో ఆ అంకెలే చెప్తాయి.

ఇప్పుడు మీ సర్వర్లు. ఏఎండీకి వెళ్లడం ఇవాళ రిస్క్ కాదు. వేగం, నాణ్యత, సపోర్ట్ విషయంలో ఆ సందేహం తీరిపోయి చాలా ఏళ్లయింది. ఇబ్బంది మొత్తం మారే దారిలో ఉంటుంది. మీరు వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) నడుపుతున్నారని రాశారు. నడుస్తున్న మెషీన్‌ని ఆపకుండా ఇంటెల్ హోస్ట్ (వాటిని మోసే అసలు సర్వర్) నుంచి ఏఎండీ హోస్ట్‌కి తరలించడం కుదరదు. రెండు కంపెనీల ఇన్‌స్ట్రక్షన్ల పట్టికలు ఒకటి కావు కాబట్టి హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లని నడిపే సాఫ్ట్‌వేర్) ఒప్పుకోదు. ప్రతి మెషీన్‌నీ ఒకసారి షట్‌డౌన్ చేసి అవతల బూట్ చెయ్యాల్సిందే. చిన్న పనిలా అనిపిస్తుంది, కానీ ప్రతి అప్లికేషన్ ఓనర్ దగ్గరా డౌన్‌టైం అడగాలి, నెలాఖరు లెక్కల మెషీన్ అయితే ఇంకో నెల ఆగాలి. అందుకే చాలా కంపెనీలు మంచి చిప్ కళ్లముందే ఉన్నా పాత క్లస్టర్‌లోకి (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) మళ్లీ ఇంటెలే కొంటాయి. మీరు క్లస్టర్ మొత్తం ఒకేసారి మారుస్తుంటే ఏఎండీకి వెళ్లడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఉన్నదానిలో రెండు మూడు హోస్టులు కలుపుతుంటే మాత్రం ఇంటెల్‌లోనే ఉండండి.

లైసెన్సులు కూడా ముందే చూసుకోండి. ఎపిక్ 64 కోర్లకి వెళ్లిన కొన్ని నెలలకే, 2020 ఫిబ్రవరిలో, హైపర్‌వైజర్ అమ్మే వీఎంవేర్ ఒక్కో సీపీయూ లైసెన్స్‌ని 32 కోర్లకి పరిమితం చేస్తున్నట్టు ప్రకటించింది. ఎస్‌క్యూఎల్ సర్వర్, విండోస్ సర్వర్ కోర్ లెక్కనే. డేటాబేస్ కోసమైతే కోర్లు తక్కువ, వేగం ఎక్కువ ఉన్న ఎపిక్ ఎఫ్ రకం చిప్పులు చూడండి. హార్డ్‌వేర్ కొంచెం ఖరీదైనా లైసెన్స్‌లో అంతకు మించి మిగులుతుంది.

వర్చువల్ మెషీన్ల సైజు విషయంలో ఒక జాగ్రత్త. మూడో తరం ఎపిక్ నుంచి మామూలు కోర్ల చిప్పుల్లో ఎనిమిదేసి కోర్లు ఒక ముక్కలో ఉండి ఒకే ఎల్3 క్యాష్ పంచుకుంటాయి. మీ డేటాబేస్ మెషీన్‌కి ఎనిమిది కోర్లు ఇస్తే ఒకే ముక్కలో సర్దుకునే వీలుంటుంది, పది ఇస్తే రెండు ముక్కల మీద పరుచుకుని డేటా అటూ ఇటూ తిరుగుతుంది. పాత ఇంటెల్ మీద పన్నెండు ఇచ్చాం కాబట్టి ఇక్కడా పన్నెండే అనుకోకండి. ముందు ఎనిమిదితో కొలిచి చూడండి.

వెండర్‌ని డెమో సర్వర్ ఒకటి అడగండి, అడిగితే ఇస్తారు. దాని మీద బెంచ్‌మార్కులు కాదు, మీ నెలాఖరు బ్యాచ్ జాబ్ కాపీ ఒకటి నడపండి. ఇంటెల్ తాజా సర్వర్ చిప్ జియాన్‌తో కూడా అదే చేయించండి. మీ దగ్గర ఏఐ ఇన్ఫరెన్స్ (తయారైన ఏఐ మోడల్‌తో జవాబులు రాబట్టడం) సీపీయూ మీదే నడిచే పని ఉంటే జియాన్‌లోని ఏఎంఎక్స్ అనే ఏఐ లెక్కల ఇన్‌స్ట్రక్షన్ల వల్ల అది ముందుకి రావచ్చు. రెండు కొటేషన్లూ చేతిలో ఉన్నప్పుడు ఇద్దరు వెండర్లూ ఇచ్చే డిస్కౌంట్ వేరుగా ఉంటుంది. ఫలితాలు వచ్చాక కోర్ల సంఖ్య, మెమరీ, జాబ్ పట్టిన సమయం ఇక్కడ రాస్తే ఏ మోడల్ సరిపోతుందో కలిసి చూద్దాం.